పర్లేదంటే ఒప్పుకున్నట్టేనా

ఆ మాటను ఆ జాబితాలో చేర్చింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, రేపు ఎవరో తవ్వి తీశారనే మాట రాకుండా. కాలేజీ వాళ్ళు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తూ ఇచ్చిన కాగితంలో నామీద ఏడు నేరాలు రాశారు. ఈ ఒక్కటీ రాయలేదు. రాస్తే అది వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. అందుకని నేనే రాస్తున్నాను.

నా పేరు వకుళ. చదివింది భాషాశాస్త్రం. ఇంజనీరింగ్ కాలేజీలో నీకేం పని, కంప్యూటర్లకు ఛందస్సు చెబుతావా అని మా ఆయన మొదటి రోజే వేళాకోళం చేశాడు. పని ఉంది. విజయనగరానికి ఇవతల ఒక కొండ కింద ఉన్న ఆ కాలేజీలో, డాక్టర్ రత్నరాజు అనే నాడీ శాస్త్రవేత్త ఒక పూస తయారుచేశాడు. కందిగింజంత ఉంటుంది. చెవి వెనక ఎముక మీద అంటించుకోవాలి. పూసలు పెట్టుకున్న ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే, ఒకరి గుండెలో ఉన్న బరువు కొంత రెండోవాళ్ళకు వెళ్తుంది. మాటవరసకు అంటున్నది కాదు, నిజంగానే వెళ్తుంది.

మొదటి ప్రయోగం నామీదే జరిగింది. రత్నరాజు తల్లి పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆయన సరిగ్గా తినడం లేదని ప్రయోగశాలలో అందరికీ తెలుసు. ఒక పొద్దున నా ఎదురుగా కూర్చుని, ఇస్తాను, తీసుకుంటారా అని అడిగాడు. సరే అన్నాను. ఒక నిమిషం ఏమీ తెలియలేదు. తర్వాత నా గొంతు కింద ఏదో వచ్చి కూర్చుంది. ఆయన మాత్రం లేచి క్యాంటీనుకు వెళ్ళి రెండు ప్లేట్లు ఉప్మా తినొచ్చాడు. ఆ సాయంత్రం నేను మా వంటింట్లో బీరకాయలు తరుగుతూ, ఎన్నడూ చూడని ఆవిడ కోసం వెక్కి వెక్కి ఏడ్చాను. ఆవిడ బీరతొక్కు పారేయకుండా పచ్చడి చేసేదని నాకెవరూ చెప్పలేదు, అయినా తెలిసింది. బరువుతోపాటు చిన్న చిన్న తునకలు కూడా వస్తాయని మాకు అలా అర్థమైంది. మూడో రోజుకు అది నాలో అరిగిపోయింది.

మేము కనిపెట్టింది ఇంతే. బాధను పంచితే తగ్గదు, ముక్కలవుతుంది. చిన్న ముక్కను మూడు రోజుల్లో ఒళ్ళు అరిగించుకుంటుంది. ముక్కలన్నీ ఒక్కరిలోనే చేరితే అరగవు, కొన్నాళ్ళకు గడ్డకడతాయి, ఇక కదలవు.

ఈ పూసలు ఎవరికిద్దామన్నప్పుడు పిల్లలకే ఇద్దామన్నాను. హాస్టల్లో ఒక పిల్ల రాత్రంతా దుప్పటి కప్పుకుని ఏడిస్తే డాక్టరుకు తెలియదు, అమ్మానాన్నలకు తెలియదు, పక్కమంచం పిల్లకు తెలుస్తుంది. ఆ పక్కమంచం పిల్లకు ఏం చేయాలో నేర్పాలి. అలా నలభై మందిని తీసుకుని ఆరువారాల శిక్షణ మొదలుపెట్టాను. వాళ్ళకు తోడుగాళ్ళు అని పిల్లలే పేరు పెట్టుకున్నారు. నేను నేర్పినవి గొప్ప విషయాలేం కావు. ఎదురుగా కాదు, కాస్త పక్కకు తిరిగి కూర్చోండి. సలహాలు ఇవ్వకండి. నాకూ ఇలాగే అయిందని మీ కథ ఎత్తుకోకండి. తిన్నావా అని అడగండి, ఎందుకు తినలేదని అడగకండి. మీ చేతిలో లేదనిపిస్తే రహస్యమని ఒట్టు వేయించుకున్నా సరే, ఆ ఒట్టు గట్టున పెట్టి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకుపొండి. పూస అన్నిటికన్నా చివర. ముందు మనిషి.

ఆ నలభై మందిలో దమయంతి ఒకతె. ఆర్టీసీ డ్రైవరు సింహాచలం గారి కూతురు. అంత పాతకాలం పేరేమిటని తోటివాళ్ళు దాన్ని కత్తిరించి దమ్ము అని పిలిచేవారు. సన్నగా, నెమ్మదిగా ఉండే పిల్లకు ఆ పేరు భలే కుదిరిందని నవ్వుకునేవారు. మొదటి సంవత్సరంలో ఒక లెక్చరరు అర్థమైందా అని అడిగితే ఈ పిల్ల లేచి "నేదు సార్" అంది. వాళ్ళ ఇంట్లో లేదు అనరు, నేదు అంటారు. క్లాసులో సగం మంది పగలబడి నవ్వారు. ఆ తర్వాత దమయంతి నెల తిరక్కుండా తన మాట మార్చేసుకుంది. నా దగ్గరకు శిక్షణకు వచ్చేసరికి పుస్తకంలా మాట్లాడేది. నేను మెచ్చుకున్నాను కూడా. అది తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇక జాబితా సంగతి. పూసలోంచి వచ్చే ఒక్కో ముక్కను వాటా అనేవాళ్ళం. మామూలుగా ఒక్కొక్కరు ఒకేసారి మూడు వాటాలకు మించి మోయకూడదు. నాలుగోది తీసుకోవాల్సి వస్తే పూస చెవిలో అడుగుతుంది, "ఇంకో వాటా తీసుకోగలరా?" అని. ఏ జవాబు వస్తే తీసుకోవాలి, దేనికి ఆగిపోవాలి అన్నది యంత్రానికి నేర్పాల్సింది నేను. అవును, సరే, అలాగే, ఊఁ అన్నవి ఒకవైపు రాశాను. వద్దు, లేదు, చాలు అన్నవి ఇంకోవైపు రాశాను. పర్లేదు దగ్గర కలం ఆగింది.

ఇక్కడ కూర్చోనా అంటే పర్లేదు అంటాం, కూర్చోమని. కాఫీ తాగుతారా అంటే పర్లేదు అంటాం, వద్దని. కాలు తొక్కినవాడు అయ్యో అంటే పర్లేదు అంటాం, నొప్పి పుడుతున్నా సరే. ఇదంతా నాకు తెలుసు. రెండు వందల సంభాషణలు విని లెక్క కూడా కట్టాను, రెండువైపులా సమానంగా వచ్చింది. అప్పుడు నేననుకున్నదేమిటంటే, నిజంగా ఇష్టం లేనివాళ్ళు వద్దనే అంటారు కదా అని. మనిళ్ళలో ఆడపిల్లకు వద్దు అనే మాట ఎవరైనా నేర్పారా? నాకు నేర్పారా? అదీ తెలుసు. అయినా పర్లేదును అవును పక్కన రాసి సంతకం పెట్టి, కాఫీ తాగడానికి వెళ్ళిపోయాను.

మొదటి సంవత్సరం అద్భుతంగా గడిచింది. చదువు మానేసి ఇళ్ళకు పోయే పిల్లలు తగ్గారు. నిద్రమాత్రల కోసం డాక్టరు గుమ్మంలో నిలబడేవాళ్ళు తగ్గారు. పేపర్లో ఫోటోలు వచ్చాయి. కరస్పాండెంటు భాస్కరం గారు పూసను చెవికి అంటించుకుని ఫోటో దిగారు. తర్వాత ఆయన చేసిన పని చూడండి. నెలకోసారి ఉండే ర్యాంకు పరీక్షను ప్రతి శనివారం చేశాడు. చివరి యాభై పేర్లు ఎర్రక్షరాలతో మెస్సు గోడ మీద పెట్టించాడు, అన్నం తినే చోట. పిల్లలు ఏమైపోతారని నేను అడిగితే, ఇప్పుడు తట్టుకుంటున్నారు కదమ్మా, మీ పుణ్యమే అన్నాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం సింహాచలం గారు నా గదికి వచ్చారు. బస్సు గేటు దగ్గర ఆపి, తిరుగు ప్రయాణానికి ముందుండే పావుగంటలో ఖాకీ చొక్కాతోనే వచ్చారు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాకు కొడుకుల్లేరు మేడమ్. దమయంతి ఒక్కర్తే గుంట. నిన్న అన్నం కాడ కూకుని, అన్నయ్య ఫోన్ సెయ్యనేదని ఏడ్సినాది. ఏ అన్నయ్యే అంటే తెల్దంటాది. ఇయ్యాల లెగనేదు. మా గుంటకి ఏటయినాదండి?"

ఆయన వెళ్ళగానే రత్నరాజును పిలిచి దమయంతి పూస రికార్డు తెరిపించాను. పదకొండు వాటాలు ఉన్నాయి ఆ పిల్ల మీద. మూడు సరే. మిగతా ఎనిమిదీ పూస అడిగాకే ఎక్కినవి, యంత్రం తప్పేమీ లేదు. మాటలు భద్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటే విన్నాం.

నాలుగో వాటాకు "పర్లేదు" అంది, విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి ఇక వద్దనే మనిషిలా గబుక్కున. ఐదోదానికి "పర్లేదండి" అంది. యంత్రానికి అండి అని గౌరవం ఇచ్చింది. తొమ్మిదోదానికి చాలాసేపు ఏమీ అనలేదు, యంత్రం రెండోసారి అడిగింది, అప్పుడు "పర్లేదు" అంది. పదకొండోదానికి మాట కూడా పూర్తి కాలేదు. "పర్లే" అన్నంతవరకే వినిపించింది. దాన్ని కూడా యంత్రం అవును కింద రాసుకుంది.

ఆ ఎనిమిదీ వద్దనే. పుట్టి బుద్ధెరిగిన తెలుగువాళ్ళెవరికైనా ఆ గొంతు వింటే తెలుస్తుంది. ఇంకో సంగతి కూడా నాకు అప్పుడే తట్టింది. నా జాబితాలో పర్లేదు ఉంది కానీ పర్నేదు లేదు. ఆ పిల్ల తన ఇంటి మాట మార్చుకోకుండా పర్నేదు అని ఉంటే యంత్రానికి అర్థమయ్యేది కాదు, మూడింటి దగ్గరే ఆగిపోయేది. నలుగురూ నవ్వారని కష్టపడి నేర్చుకున్న నా తెలుగే దాని నెత్తిన ఎనిమిది బరువులు పెట్టింది.

రత్నరాజు లెక్క వేశాడు. ఆదివారం లోపల పంచేయకపోతే గడ్డకడుతుంది, ఆ తర్వాత ఆ పిల్ల ఏడాది ఏడవొచ్చు, పదేళ్ళు ఏడవొచ్చు, ఎవరి కోసమో తనకే తెలియదు. మిగతా తోడుగాళ్ళకు పంచుదామంటే ఒక్కరిలో ఖాళీ లేదు. శనివారం పరీక్షల పుణ్యమా అని అందరి మీదా మూడు, నాలుగు, ఐదు ఉన్నాయి. ఇక మిగిలింది పెద్దవాళ్ళం. శిక్షణ ఉన్నవాళ్ళం నేనూ ఆయనా చెరి మూడు తీసుకోవచ్చు. శిక్షణ లేనివాళ్ళకు ఒక్కటే. అంటే ఇంకో అయిదుగురు కావాలి. కొత్త మనిషికి పూస అమర్చాలంటే ప్రయోగశాలలో ఉన్న పెద్ద యంత్రమే దిక్కు. దానికి కరస్పాండెంటు అనుమతి కావాలి.

భాస్కరం గారి గది చల్లగా, అగరుబత్తి వాసనతో ఉంటుంది. నేను చెప్పినదంతా ఆయన ఓపికగా విన్నాడు. మర్యాదకు లోటు లేని మనిషి. గురువారం తనిఖీ కమిటీ వస్తోంది, ఈ వారంలో ఇలాంటివి పెట్టుకోవద్దు, పిల్లను కొన్నాళ్ళు ఇంట్లోనే ఉండమనండి, సెలవు ఇస్తాం అన్నాడు. ఇంట్లోనే ఉంటే పంచే యంత్రం ఇక్కడే ఉంటుంది, పిల్ల అక్కడ రాయిలా అయిపోతుంది అన్నాను.

"బలవంతం చేశామా అమ్మా? ఎనిమిది సార్లు అడిగితే ఎనిమిది సార్లూ ఒప్పుకుంది. జాబితా మీదే, సంతకం మీదే. ఇంకా మనం భయపడాల్సిందేముంది?"

అని నా ముందు ఒక కాగితం పెట్టాడు. విద్యార్థిని తన ఇష్టప్రకారమే అదనపు వాటాలు స్వీకరించినది అని రాసి ఉంది. కింద నా పేరు టైపు చేయించి పెట్టారు, సంతకమే తరువాయి. మనిషి చెంపదెబ్బ కొడితే ఇంత మంటగా ఉండదు. నా తప్పును తెచ్చి నా చేతికే కవచంలా తొడుగుతున్నాడు. తొడుక్కుంటే ఉద్యోగం ఉంటుంది, పేరు ఉంటుంది, ఆ పిల్ల ఉండదు.

పెట్టను అన్నాను. ఎందుకమ్మా అన్నాడు. పర్లేదంటే ఒప్పుకున్నట్టు కాదు కాబట్టి అన్నాను. మీరే కదా రాశారన్నాడు. రాశాను, తప్పు రాశాను, ఆ తప్పు మళ్ళీ సంతకం పెట్టి చేయను అన్నాను. ఆ సాయంత్రమే ప్రయోగశాలకు తాళం పడింది. ఇక ఆ యంత్రం బయటికి వచ్చేది గురువారం కమిటీ ముందు ప్రదర్శనకే.

మర్నాడు నేను బస్సెక్కి సింహాచలం గారి ఇంటికి వెళ్ళాను. దమయంతి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయన్ని వాకిట్లోకి పిలిచి, జాబితా సంగతి, నా సంతకం సంగతి, ఏమీ దాచకుండా చెప్పాను. తిట్టినా పడదామనే వెళ్ళాను. ఆయన తిట్టలేదు.

"ఇంటికాడ గుంటకి ఇంకొంచెం అన్నం ఎయ్యమంటావా అని అడిగితే మొకం సూసి అడుగుతాం మేడమ్. పర్నేదు అంటే అది ఏ పర్నేదో మొకంలో తెలస్తాది. మీ పూసకి మొకం కనబడదేటి?"

కనబడదు అన్నాను. ఇప్పుడేటి సెయ్యాల అన్నారు. గురువారం పిల్లను తీసుకుని కాలేజీకి రండి, ఎవరైనా ఆపితే నా పేరు చెప్పండి అన్నాను. బస్సు తోలీవోణ్ణి ఎవులాపుతారు అన్నారాయన.

మిగతా నలుగురి కోసం స్టాఫ్‌రూములో అడిగాను. ప్రొఫెసర్లు ఒక్కొక్కరే పేపర్లలోకి తలలు దించుకున్నారు. కమిటీ వెళ్ళాక చూద్దామన్నవాళ్ళే ఎక్కువ. హాస్టలు వార్డెను ఎస్తేరమ్మ, మెస్సులో వంట చేసే అప్పలనాయుడు, లైబ్రేరియను కరీముల్లా గారు మాత్రం మారుమాట లేకుండా వస్తామన్నారు. వాళ్ళకూ ఉద్యోగాలు పోతాయని చెప్పాను. ఎర్రక్షరాలతో పేర్లు రాసిన గోడ కింద రోజూ అన్నం వడ్డించేది నేనే కదండీ అన్నాడు అప్పలనాయుడు. అయిదో మనిషి దొరకలేదు. సింహాచలం గారితో కలిపి ఆ నలుగురితోనే పది వాటాలకు సిద్ధమయ్యాం.

గురువారం సెమినారు హాలు నిండిపోయింది. కమిటీ వాళ్ళు ముగ్గురు, మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలు తెల్లజుట్టు పెద్దావిడ. భాస్కరం గారు కెమెరాల కోసం చెవికి పూస పెట్టుకుని స్వాగతం చెప్పాడు. ప్రదర్శనకు ఇద్దరు ర్యాంకు విద్యార్థులను సిద్ధం చేసి ఉంచారు, ఇస్త్రీ బట్టలతో. యంత్రం పనిచేయడం మొదలుపెట్టగానే రత్నరాజు వాళ్ళిద్దరినీ వెళ్ళి కూర్చోమన్నాడు. వెనక తలుపులోంచి సింహాచలం గారు కూతురి భుజం పట్టుకుని నడిపించుకొచ్చారు.

ఇది కూడా ప్రదర్శనే, ఈ పూస చేసిన పని మొత్తం చూడండి అన్నాను అధ్యక్షురాలితో. భాస్కరం గారు లేచాడు. ఆవిడ చెయ్యి ఎత్తి కూర్చోమన్నట్టు సైగ చేసింది.

మొదటి వాటాకు యంత్రం దమయంతిని అడిగింది, "ఇస్తారా?" అని. హాలు కోసం పెట్టిన స్పీకర్లో ఆ గొంతు అందరికీ వినిపించింది. దమయంతి తల దించుకునే పర్లేదు అంది. నేను వెంటనే యంత్రం ఆపేశాను. ఆ మాట కాదు, అవునో కాదో చెప్పు అన్నాను. వెనక ఎవరో దగ్గారు. ఎంతసేపైనా సరే కదలకూడదని నేను నిలబడ్డాను. చివరికి "తీసుకోండి" అంది.

నేను మూడు తీసుకున్నాను. రత్నరాజు మూడు తీసుకున్నాడు. మిగతా నలుగురికీ రత్నరాజు అక్కడికక్కడే పూసలు అమర్చాడు. ఎస్తేరమ్మ ఒకటి తీసుకుని కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. కరీముల్లా గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూనే ఉన్నారు. అప్పలనాయుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. సింహాచలం గారికి వచ్చిన ముక్క ఎవరిదో మాకు తెలుసు, ఆయన కూర్చున్నవారు కూర్చున్నట్టే, అన్నయ్య ఫోన్ సేసినాడా అని పక్కవాళ్ళను అడిగారు. పదీ దిగేసరికి దమయంతి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. నాలుగు రోజుల్లో మొదటిసారి మంచినీళ్ళు అడిగి తాగింది.

ఇంకొకటి మిగిలింది. ఒక్కటే కదా ఉండనీ అనొచ్చు. కానీ అన్నాళ్ళు అంత బరువు మోసిన ఒంట్లో ఒక్కటి మిగిలినా అదే గడ్డకడుతుంది, రత్నరాజు మరీ మరీ చెప్పాడు.

తర్వాత జరిగింది మేం ముందే అనుకుని చేసింది కాదు, అందరూ అలా అనుకున్నా సరే. అధ్యక్షురాలు అటూ ఇటూ చూసి, సార్ చెవికి పూస ఉంది కదా, ఆ ఒక్కటీ మీరు తీసుకోవచ్చు కదా అంది. ఏ కపటమూ లేకుండానే అంది. రత్నరాజు యంత్రాన్ని ఆయన పూసవైపు తిప్పాడు. "వాటా తీసుకోగలరా?" అని స్పీకరు అడిగింది. భాస్కరం గారు చిరునవ్వుతో, చెయ్యి అడ్డంగా ఊపుతూ, "పర్లేదు, పర్లేదు" అన్నాడు.

"ఒప్పుకున్నారు" అంది యంత్రం.

ఆయన చెవిని రెండు చేతులతో పట్టుకుని లేచాడు. నా చెయ్యి అప్పటికే మీట మీద ఉంది, ఆపేశాను. ఆయనకు ఏమీ వెళ్ళలేదు, కానీ ఆ సంగతి ఆయనకు తెలియదు.

"నేను ఒప్పుకోలేదు. పర్లేదు అన్నాను. పర్లేదంటే వద్దని కదా, ఆ మాత్రం తెలుగు రాదా దీనికి?"

"అది రాసుకోండమ్మా," అన్నాను అధ్యక్షురాలితో. "సోమవారం తన గదిలో ఈయన అదే మాటంటే ఒప్పుకున్నట్టే అన్నారు. ఆ మాట మీదే ఈ పిల్ల నెత్తిన ఎనిమిది బరువులు పెట్టారు. ఆ మాటను అవును అని రాసింది నేను. నా తప్పు కూడా రాసుకోండి."

ఆవిడ రాసుకుంది. నేను భాస్కరం గారివైపు తిరిగాను. నెమ్మదిగానే అడిగాను, తీసుకుంటారా, వద్దా అని. ఆయన అందరి ముఖాలూ చూశాడు. పూస పీకి బల్ల మీద పెట్టాడు.

"వద్దు," అన్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆయన్ని మర్యాద లేనివాడనలేదు, స్వార్థపరుడనలేదు, మరి నీ తోటివాళ్ళ సంగతేమిటని అడగలేదు. కుర్చీ సర్దుకుని కూర్చున్నాడు, అంతే. దమయంతి ఆయనవైపే చూస్తోంది.

"వొద్దనీసినారు మేడమ్," అంది నాతో మెల్లగా. "ఎవులూ ఏటీ అన్నేదు."

ఆ పిల్ల ఇంటి మాట నేను వినడం అదే మొదటిసారి. అవునమ్మా అనొచ్చు, ఎవరైనా అనొచ్చు అన్నాను. నాకు ఏడుపొచ్చింది, అది నా మూడు వాటాల్లోది కాదు, నాదే. ఆ పదకొండోది నా వైపు తిప్పమన్నాను. రత్నరాజు తల అడ్డంగా ఊపాడు. నాలుగోదైతే అరుగుతుందో లేదో తెలియదన్నాడు. తిప్పమన్నాను. యంత్రం అడిగింది, ఇంకో వాటా తీసుకోగలరా అని.

"అవును," అన్నాను. "తీసుకుంటాను."

శుక్రవారం నా ఉద్యోగం పోయింది. రత్నరాజుకు సంజాయిషీ కాగితం ఇచ్చారు. కమిటీ నివేదిక వచ్చేదాకా ఆగకుండా, శనివారం పరీక్ష మామూలుగానే ఉంటుందని నోటీసు పెట్టారు. గురువారం గొడవ తర్వాత తీయించిన పూసలు మళ్ళీ పెట్టుకోవడానికి తోడుగాళ్ళను శనివారం తొమ్మిదింటికి సెమినారు హాలుకు రమ్మన్నారు. దమయంతి వెళ్తానంది. వెళ్ళి ఏం చేస్తావని నేను అడగలేదు. ఆ పిల్లను నేను మళ్ళీ ఏమీ అడగదలచుకోలేదు.

నేను హాలు కిటికీ బయట నిలబడ్డాను. లోపలికి నన్ను రానివ్వరు. మిగతా మూడు వాటాలూ నాలో పలచబడుతున్నాయి. ఆ నాలుగోది మాత్రం అరిగే జాడ లేదు. అది ఎవరో రెండో సంవత్సరం కుర్రాడి శనివారం భయం. కలం పట్టుకుంటే అక్షరాలు కనిపించవు, పేరు ఎర్రగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నదాన్ని, పరీక్ష గంట ఎప్పుడు కొడతారోనని ఒళ్ళంతా చెవులు చేసుకుని నిలబడ్డాను.

భాస్కరం గారు నలభై మందికీ నచ్చజెప్పాడు. ఇకనుంచి జాబితాలో ఆ మాట ఉండదు, మీరు నోరు తెరిచి అవునంటేనే బరువు వస్తుంది, మీరు మానేస్తే నష్టపోయేది మీ స్నేహితులే కదా అన్నాడు. తియ్యగానే అన్నాడు. నలభై ట్రేలలో నలభై పూసలు బల్ల మీద ఉన్నాయి. ఎవరు ముందు పెట్టుకుంటారమ్మా అని దమయంతినే అడిగాడు.

దమయంతి లేచింది. కాస్త చిక్కిపోయి ఉంది. గొంతు పెద్దదేమీ కాదు, కానీ కిటికీ బయటికి స్పష్టంగా వినిపించింది.

"వొద్దండి. మావోళ్ళు ఏడిస్తే పక్కన కూకుంటాం. అన్నం తినిపిస్తాం. డాక్టరు కాడికి తోలుకెల్తాం. దానికి పూసక్కర్నేదు. మీ పరీచ్చల బరువు మాత్రం ఇంక మొయ్యం."

ఆ యాస విని నవ్వడానికి ఒక్కరు కూడా లేరు. పక్కనున్న కుర్రాడు లేచి వద్దన్నాడు. వాడి వెనక పిల్ల వద్దంది. భాస్కరం గారు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, బతిమాలి, గదమాయించి అడిగాడు. ఒక్కొక్కరే లేచి ఆయన ముఖంలోకి చూసి చెప్పారు. ఒకమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఒకడు క్షమించండి సార్ అని మరీ చెప్పాడు. నేను కిటికీ ఊచ పట్టుకుని లెక్కపెట్టాను. నలభైసార్లు విన్నాను.

బరువు మోసేవాళ్ళు లేక ఆ శనివారం పరీక్ష జరగలేదు.